మన ఇంటి రాయి – మరకలు, సంరక్షణ

పాఠ పరిచయం

రాయి గట్టిది, దానికి ఏమీ కాదు అని మనం అనుకుంటాం. నిజానికి రాయి కూడా నూనెను పీలుస్తుంది, పులుపుకు కరుగుతుంది, ఇసుకకు గీతలు పడుతుంది. ఇంటి గచ్చు మొదలుకొని గుడి గోడ మీది శాసనం వరకు రాతిని శుభ్రపరచే పద్ధతులను, ఆ పద్ధతుల వెనుక ఉన్న కారణాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

1. వంటగట్టు మీద ఒక ఊరి పేరు

మహారాష్ట్రలో గాని, తమిళనాడులో గాని ఇల్లు కట్టేవారిని వంటగట్టుకు ఏ రాయి వేస్తున్నారని అడగండి. చాలామంది "కడప" అనే చెబుతారు. ఆ మాట అనేవారిలో ఎందరికో అది తెలుగునాట ఒక ఊరి పేరని తెలియదు. ఊరి పేరే రాయి పేరుగా మారి, ఎల్లలు దాటి ఇంటింటికీ చేరింది. కర్ణాటకలోని షాబాదు పేరు కూడా ఇలాగే ప్రయాణం చేసింది. తెలంగాణ ఇళ్ళలో నేలకు పరచిన బండలను ఈనాటికీ షాబాదు బండలని పిలుస్తారు. తాండూరు, బేతంచర్ల ఊళ్ళ పేర్లు కూడా రాళ్ళకు స్థిరపడ్డాయి.

ఈ నాలుగు ఊళ్ళ బండలకు ఒక సామ్యం ఉంది. ఇవన్నీ సున్నపురాయి జాతికి చెందినవి. పూర్వకాలపు జలాశయాల అడుగున పొరలు పొరలుగా పేరుకున్న పదార్థం గట్టిపడి ఇవి ఏర్పడ్డాయి. అందువల్లనే వీటిని పలకలుగా చీల్చడం సులభం. ఇలా పలకలుగా చీలే రాతిని తెలుగులో నాపరాయి అంటారు. నలుపు, నీలి బూడిద రంగు, పసుపు మొదలైన రంగులలో ఇవి దొరుకుతాయి. రంగు వేరైనా వీటిలో ముఖ్యంగా ఉండే పదార్థం ఒక్కటే. అది కాల్షియం కార్బొనేట్. నత్తగుల్లలోను, గవ్వలోను ఉండేది కూడా ఈ పదార్థమే.

2. రాయిని గుర్తించడం

మరకను పోగొట్టడానికి ముందు అది ఏ రాతి మీద పడిందో తెలుసుకోవాలి. వైద్యుడు రోగి ఎవరో చూడకుండా మందు ఇవ్వడు గదా! మన ఇళ్ళలో సాధారణంగా కనిపించే రాళ్ళను రెండు తరగతులుగా విభజించవచ్చు.

మొదటి తరగతి సున్నపు జాతి రాళ్ళు. నాపరాయి, పాలరాయి ఈ తరగతిలోనివి. సున్నపురాయి భూగర్భంలో వేడికి, ఒత్తిడికి లోనై రూపం మారగా ఏర్పడినదే పాలరాయి. ఈ రాళ్ళకు పులుపు పడదు.

రెండవ తరగతి గ్రానైటు జాతి రాళ్ళు. భూగర్భంలో కరిగి ఉన్న శిలాద్రవం మెల్లగా చల్లారి ఇవి ఏర్పడ్డాయి. కృష్ణగిరి, చామరాజనగర ప్రాంతాలలో తీసే గ్రానైటు దేశమంతటా వాడుకలో ఉంది. ఇందులో స్ఫటికం, ఫెల్డ్‌స్పార్, అభ్రకం వంటి ఖనిజాలు ఉంటాయి. నిమ్మరసం, చింతపండు వంటి వంటింటి పులుపులు దీనిని సులభంగా తినలేవు.

ఈ తేడాను చిన్న పరీక్షతో తెలుసుకోవచ్చు. బండ వేసినప్పుడు మిగిలిన ముక్కను ఒకదానిని తీసుకోండి. దానిని కొద్దిగా గీకి, ఆ పొడి మీద రెండు చుక్కల నిమ్మరసం వేయండి. చిన్న చిన్న బుడగలు వస్తే అది సున్నపు జాతి రాయి. నిమ్మరసంలోని ఆమ్లం కాల్షియం కార్బొనేట్‌తో కలిసినప్పుడు కార్బన్ డయాక్సైడ్ వాయువు వెలువడుతుంది. ఆ బుడగలు ఈ వాయువే. ఈ పరీక్షను ఎప్పుడూ విడి ముక్క మీదనే చేయాలి. వేసి ఉన్న బండ మీద చేస్తే ఆ చుక్కలు పడినచోట మచ్చ శాశ్వతంగా నిలిచిపోతుంది.

3. మరక వేరు, గాయం వేరు

ఒక ఇంట్లో పండుగ ముందు రోజు ఇత్తడి బిందెలను చింతపండుతో తోమి, నల్లని కడప బండ మీద బోర్లించారనుకుందాం. తెల్లవారి బిందెలు తళతళ మెరుస్తున్నాయి. బండ మీద మాత్రం బిందె మూతి ఆకారంలో తెల్లని వలయాలు కనిపిస్తున్నాయి. వాటిని సబ్బుతో కడిగినా పోలేదు, పీచుతో రుద్దినా పోలేదు. కారణం ఏమిటి?

అది మరక కాదు, గాయం. మరక అంటే బయటి పదార్థం రాతిలోకి ఇంకడం. గాయం అంటే రాయే కరిగిపోవడం. చింతపండులోని ఆమ్లం బండ పైపొరను తిన్నది. నునుపు పోయి, ఆ చోటు కంటికి కనిపించనంత సన్నగా గరుకుబారింది. గరుకు తలం మీద పడిన వెలుగు అన్ని వైపులకు చెదరిపోతుంది. కనుక నల్లని బండ అక్కడ తెల్లగా కనిపిస్తుంది. బయటి నుండి వచ్చి చేరినది ఏదీ అక్కడ లేదు. కాబట్టి ఎంత కడిగినా పోయేది కూడా ఏదీ లేదు. పనివారు ఆ చోటును సన్నని పొడితో మళ్ళీ అరగదీసి మెరుగు పెట్టడం ఒక్కటే దానికి మార్గం.

ఈ తేడా తెలియనివారు గాయాన్ని మరక అని భ్రమపడి, ఇంకా ఘాటైన ఆమ్లం తెచ్చి పోస్తారు. దానితో చిన్న గాయం పెద్దదవుతుంది. తడిపి చూస్తే తేడా కొంత తెలుస్తుంది. బండను తడిపినప్పుడు ఆ తెల్లని గుర్తు మాయమై, ఆరగానే మళ్ళీ కనిపిస్తే అది చాలావరకు గాయమే అని గ్రహించాలి.

4. మరక లోపలికి ఎలా వెళుతుంది?

రాతిలో కంటికి కనిపించని సన్నని రంధ్రాలు ఉంటాయి. దీపపు ఒత్తి నూనెను పైకి పీల్చినట్లే, ఈ రంధ్రాలు తమ మీద పడిన ద్రవాన్ని లోపలికి పీలుస్తాయి. దీనిని కేశనాళికా చర్య అంటారు. రంధ్రాలు ఎక్కువగా ఉన్న రాయి త్వరగా పీలుస్తుంది, మెరుగు పెట్టిన దట్టమైన రాయి ఆలస్యంగా పీలుస్తుంది. ఎంతసేపు ఉంచితే అంత లోతుకు దిగుతుంది. కనుక మరక విషయంలో మొదటి మందు తొందరే.

నూనె గాని, కాఫీ గాని ఒలికిన వెంటనే పొడి బట్టతో అద్దాలి. అద్దడం వేరు, తుడవడం వేరు. తుడిస్తే మరక పక్కలకు పాకుతుంది. అద్దితే బట్టలోకి వస్తుంది. తరువాత మంచినీటిలో రెండు మూడు చుక్కల గిన్నెల సబ్బు ద్రవం కలిపి కడిగి, మళ్ళీ ఉత్త నీటితో కడిగి, పొడి బట్టతో ఆరబెట్టాలి. ఇంత మాత్రం చేస్తే చాలా మరకలు నిలువవు.

5. లోపలికి దిగిన మరకకు పట్టీ వైద్యం

ఇప్పటికే ఇంకిన మరకను పైపైన రుద్దితే ప్రయోజనం లేదు. అది ఏ దారిన లోపలికి వెళ్ళిందో ఆ దారినే దానిని బయటికి రప్పించాలి. రాయి పీల్చినదాన్ని రాయికన్న బాగా పీల్చే వస్తువుతో మళ్ళీ పీల్పించాలి. ఇదే పట్టీ పద్ధతి. కురుపుకు పిండికట్టు కట్టినట్లుగా, మరకకు మట్టికట్టు వేయడమన్నమాట.

కావలసిన వస్తువులు: ముల్తానీ మట్టి, నీరు, పాలితీను కాగితం, చెక్క గరిటె, మెత్తని బట్ట.

చేసే విధానం:

(అ) మరక పడిన చోటును మంచినీటితో కొద్దిగా తడపాలి.

(ఆ) ముల్తానీ మట్టిని మరకకు తగిన ద్రవంతో కలిపి, చపాతి పిండికన్న మెత్తగా, దోసెపిండికన్న గట్టిగా ముద్ద చేయాలి.

(ఇ) ఆ ముద్దను మరక మీద, మరక అంచులు దాటేటట్లు సుమారు అర సెంటీమీటరు మందాన పరచాలి.

(ఈ) పైన పాలితీను కాగితం కప్పి, అంచులు అంటించి ఒక రోజు కదిలించక ఉంచాలి.

(ఉ) మరునాడు కాగితం తీసి, మట్టిని పూర్తిగా ఆరనివ్వాలి. ఈ ఆరే సమయంలోనే అసలు పని జరుగుతుంది. మట్టి పైభాగం ఆరుతున్నకొద్దీ రాతి లోపలి తడి పైకి లాగబడుతుంది. తడితోపాటు మరక పదార్థం కూడా మట్టిలోకి వస్తుంది.

(ఊ) ఆరిన మట్టిని చెక్క గరిటెతో తీసి, నీటితో కడగాలి. ఇనుప గరిటె వాడరాదు.

ఒక్కసారికి మరక పూర్తిగా పోకపోవచ్చు. రెండు మూడు సార్లు చేయవలసి ఉంటుంది. ఏండ్ల తరబడి దిగిన మరక ఒక్క పూటలో రాదు. ఏ ద్రవాన్నయినా మొదట ఎవరికీ కనిపించని మూల చిన్న చోట వాడి చూసి, రంగు మారలేదని తెలిసిన తరువాతనే మరక మీద వాడాలి.

6. ఏ మరకకు ఏ ఉపాయం?

నూనె, నెయ్యి మరకలు: ఇవి రాతిని నల్లబరుస్తాయి. వంటసోడా కలిపిన నీటితో గాని, సబ్బు నీటితో గాని మట్టిని కలిపి పట్టీ వేయాలి.

కాఫీ, టీ, తాంబూలపు మరకలు: వీటి రంగు మొక్కల నుండి వచ్చినది. లేత రంగు రాతి మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ ద్రావణంతో పట్టీ వేస్తారు. ఇది పెద్దలు చేతి తొడుగులు వేసుకొని చేయవలసిన పని. నల్లరాతి మీద దీనిని వాడరాదు. రాతి రంగే వెలిసిపోయే ప్రమాదం ఉంది.

పసుపు మరక: పసుపు మీద సబ్బు నీరు పడగానే ఎర్రగా మారుతుంది. చూసి కంగారు పడనక్కరలేదు. సబ్బులోని క్షారగుణం వల్ల అలా జరుగుతుంది. పసుపు రంగుకు ఎండ పడదు. ఎండ తగిలే గడప మీద, అరుగు మీద పసుపు కొన్ని రోజులలో తనంత తానే వెలిసిపోతుంది.

తుప్పు మరక: వంటగ్యాసు సిలిండరు అడుగున, ఇనుప పెట్టెల కాళ్ళ కింద గోధుమ రంగు వలయాలు ఏర్పడతాయి. ఇవి మొండివి. ఆమ్లం పోస్తే నాపరాయి కరుగుతుంది, తుప్పు మాత్రం లోపలి రంధ్రాలలో మిగిలిపోతుంది. కనుక దీనికి నివారణే మేలు. సిలిండరు కింద చెక్కపలక గాని, రబ్బరు చాప గాని వేస్తే చాలు.

ఉప్పునీటి తెల్లని పొర: కొళాయి చుట్టూ, కుండలు పెట్టే చోట తెల్లని పొర పేరుకుంటుంది. ఇందులో ముఖ్యమైనది కూడా కాల్షియం కార్బొనేటే. అంటే నాపరాయి, దాని మీది తెల్లపొర ఒకే పదార్థంతో అయినవి. పొరను తినే ఆమ్లం రాతిని వదలిపెడుతుందా? వదలదు. కనుక దీనిని నీటితో నానబెట్టి, చెక్కముక్కతో మెల్లగా గీకి తీయాలి. ప్రతిరోజు పని కాగానే తడి తుడిచివేస్తే ఈ పొర పట్టనే పట్టదు.

పాచి: నీరు నిలిచే చోట పాచి పడుతుంది. నీరు నిలవకుండా వాలు చూసి, గాలి, ఎండ తగిలేటట్లు చేస్తే పాచి బలహీనపడుతుంది. తరువాత గట్టి పీచుతో తీసివేయవచ్చు. పాచి మీద కాలు జారి పెద్దవారు ఎముకలు విరగగొట్టుకుంటారు. కనుక పాచిని తీయడం అందం కోసం మాత్రమే కాదు.

7. ఆమ్లంతో చెలగాటం వద్దు

స్నానాలగదులను కడగడానికి అంగళ్ళలో సీసాలలో అమ్మే యాసిడ్ చాలావరకు హైడ్రోక్లోరిక్ ఆమ్లం. దీనిని నాపరాతి మీద పోయగానే బుసబుస పొంగుతుంది. "మురికి పోతోంది" అని చూసేవారు సంతోషిస్తారు. పోతున్నది మురికి ఒక్కటే కాదు, బండ కూడా. బండల సందులలోని సిమెంటు సైతం కరిగిపోతుంది.

అంతకన్న పెద్ద ప్రమాదం మరొకటి ఉంది. యాసిడ్ పోసిన చోట బ్లీచింగ్ పౌడరు చల్లితే ఇంకా తెల్లబడుతుందని కొందరు అనుకుంటారు. ఈ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. ఇది విషవాయువు. మూసి ఉన్న చిన్న గదిలో ఇది కళ్ళను మండిస్తుంది, ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది, ప్రాణం కూడా తీయగలదు. ఈ రెండింటిని ఎట్టి పరిస్థితులలోను కలుపరాదు. ఒకదాని తరువాత ఒకటి వాడడం కూడా మంచిది కాదు.

పొరపాటున ఎవరికైనా ఇటువంటి ఆపద కలిగితే వెంటనే వారిని ఆరుబయటి గాలిలోకి తీసుకొని రావాలి. ఆమ్లం చర్మం మీద గాని, కంటిలో గాని పడితే ధారగా పారే మంచినీటితో చాలాసేపు కడగాలి. ఆలస్యం చేయకుండా వైద్యుని వద్దకు తీసుకొని వెళ్ళాలి. ఇంట్లో అమ్మగాని, నానమ్మగాని, పనికి వచ్చే అక్కగాని ఈ పని చేస్తుంటే ఈ మాటను వారికి చెప్పవలసిన బాధ్యత చదువుకున్న మీ మీద ఉంది. సీసా మీది హెచ్చరికను చదవలేనివారికి మీరే చదివి వినిపించాలి.

8. నిత్య సంరక్షణ

రాతికి ఎక్కువ హాని చేసేది పెద్ద మరక కాదు, రోజూ కాళ్ళ కింద పడే ఇసుక. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుండి 10 వరకు అంకెలతో కొలిచే మోస్ కొలత ఒకటి ఉంది. సున్నపురాతిలోని కాల్సైటు గట్టిదనం 3. ఇసుకలోని స్ఫటికం గట్టిదనం 7. గట్టిది మెత్తనిదానిని గీస్తుంది. కాబట్టి ఇసుక ఉండగా తడిబట్ట పెడితే బండను మనమే గీసినట్లవుతుంది. మొదట ఊడ్చి, తరువాత తడిబట్ట పెట్టాలని పెద్దలు పెట్టిన క్రమంలో ఇంత అర్థం ఉంది.

నల్లబండ మెరవడానికి కొందరు కొబ్బరినూనె రాస్తారు. అప్పటికి నిగనిగలాడినా, నూనె దుమ్మును పట్టుకొని జిడ్డుగా మారుతుంది. నేల మీద అయితే కాలు జారుతుంది. దీనికి బదులు రాతి రంధ్రాలలోకి ఇంకి నీటిని అడ్డుకొనే సీలరు ద్రవాలు ఇప్పుడు దొరుకుతున్నాయి. బండ మీద నీటిచుక్క వేసి కొన్ని నిమిషాలు చూడండి. చుక్క కింద రాయి నల్లబడితే అది నీటిని పీలుస్తున్నట్లు, దానికి సీలరు అవసరమున్నట్లు. అయితే సీలరు మరకను ఆలస్యం చేస్తుందే గాని, పులుపు చేసే గాయాన్ని ఆపలేదు. సీలరు వేసిన నాపరాతి మీద కూడా నిమ్మచెక్కను ఉంచరాదు.

9. తాజ్‌మహలుకు మట్టిపూత, కోణార్కకు కాగితపు గుజ్జు

మన ఇంటి మరకకు వేసిన పట్టీనే పెద్ద కట్టడాలకు కూడా వేస్తారు. తాజ్‌మహలు పాలరాయి పొగ, దుమ్ము పేరుకొని పసుపు రంగుకు తిరిగింది. భారత పురాతత్త్వ సర్వేక్షణ శాఖవారు 1994, 2001, 2008, 2014 సంవత్సరాలలో దానికి మట్టిపూత చికిత్స చేశారు. సున్నం పాలు ఎక్కువగా ఉన్న మెత్తని మట్టిని గోడలకు పూసి, ఆరిన తరువాత తీసివేసి, శుద్ధమైన నీటితో కడిగారు. మట్టితోపాటు మురికి వచ్చేసింది.

అయితే కడగడంతోనే పని తీరలేదు. మురికి ఎక్కడి నుండి వస్తున్నదో కూడా చూడవలసి వచ్చింది. తాజ్‌మహలు పరిసరాలలోని పరిశ్రమలు బొగ్గు వాడకం మానాలని, లేకుంటే అక్కడి నుండి తరలిపోవాలని సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 30న తీర్పు ఇచ్చింది. 2015, 2016 సంవత్సరాలలో గోడల మీద ఆకుపచ్చని మచ్చలు కనిపించాయి. మురికిపట్టి నిలిచిన యమున నీటిలో పెరిగిన చిన్న కీటకాలు వాటికి కారణం. గోడ మీది మరకకు మూలం నదిలో ఉంది!

ఒడిశాలోని కోణార్క సూర్యదేవాలయాన్ని 13వ శతాబ్దంలో గాంగవంశపు రాజు మొదటి నరసింహదేవుడు కట్టించాడు. సముద్రతీరంలో ఉండడం వల్ల ఉప్పుగాలి దాని రాతిలోకి చొచ్చుకొని పోతుంది. రాతి లోపల ఉప్పు తడిసి, ఆరి, గడ్డకట్టినప్పుడల్లా ఉబ్బి రాతిని పొడిపొడిగా రాలుస్తుంది. నీటిలో నానిన కాగితపు గుజ్జును అక్కడి రాతికి అంటించి, ఆ ఉప్పును బయటికి లాగారు. మట్టి అయినా, కాగితపు గుజ్జు అయినా సూత్రం ఒక్కటే. రుద్దవద్దు, పీల్పించు.

10. మాటలు మోసే రాళ్ళు

కొన్ని రాళ్ళు నేలగాను, గోడగాను మాత్రమే ఉండవు. అవి మాటలను మోస్తాయి. పూర్తిగా తెలుగులో ఉన్న శాసనాలలో మొదటిదిగా పండితులు పేర్కొనే కలమళ్ళ శాసనం కడప జిల్లా ఎర్రగుంట్ల ప్రాంతంలోనే ఉంది. రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు కాలపు ఆ శాసనం క్రీ.శ. 6వ శతాబ్దం నాటిది. మన వంటగట్టు బండ పేరు, మన భాషకు దొరికిన తొలి శాసనం ఒకే జిల్లావి కావడం ముచ్చటైన విషయం.

తమిళనాడు, కర్ణాటక దేవాలయాలలో కూడా తెలుగు శాసనాలు ఉన్నాయి. తెలుగువారు ఈ నేలల మీద ఎంతకాలంగా మసలుతున్నారో, ఏ చెరువులు తవ్వించారో, ఏ భూములు దానం చేశారో తెలుసుకోవడానికి ఆ అక్షరాలే ఆధారం. గుడికి జీర్ణోద్ధరణ చేసేటప్పుడు పాత సున్నం పూతను, నూనె జిడ్డును తీయడానికి ఇసుకను గాలి ఒత్తిడితో గోడ మీదికి కొట్టడం కొన్నిచోట్ల జరిగింది. ఒక్క పూటలో గోడ తెల్లగా అవుతుంది. కాని గీసిన అక్షరం లోతు ఎంత? చాలాచోట్ల కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే. జిడ్డుతోపాటు అక్షరమూ రాలిపోతుంది. బండ పాడైతే మరో బండ తెచ్చుకోవచ్చు. శాసనం పాడైతే మళ్ళీ తెచ్చుకొనేందుకు మరొకటి లేదు.

కనుక శాసనం ఉన్న రాతిని మనం శుభ్రం చేయరాదు. దానిపై దీపం వెలిగించరాదు, నూనె, కుంకుమ పూయరాదు, అక్షరాలలో రంగు నింపరాదు, ఇనుప కుంచెతో రుద్దరాదు. అటువంటి రాయి కనిపిస్తే ఉపాధ్యాయులకు చెప్పి, పురాతత్త్వ శాఖవారికి తెలియజేయాలి. శాసనాలను చదివి నకలు తీసి భద్రపరచే శాఖ మైసూరులో ఉంది. రక్షిత కట్టడాలను పాడుచేయడం 1958 నాటి చట్టం ప్రకారం శిక్షార్హమైన నేరం.

రాయి మాట్లాడదు, నొప్పి చెప్పదు. అందువల్ల దాని తరఫున మనమే ఆలోచించాలి. ఏ రాయో తెలుసుకొని, ఏ మరకో గుర్తించి, అన్నిటికన్న మెత్తని ఉపాయంతో మొదలుపెట్టడమే రాతి సంరక్షణలో మొదటి సూత్రం. మెత్తని ఉపాయం చాలకపోతే గట్టిదానికి వెళ్ళవచ్చు. గట్టిదానితో మొదలుపెట్టి రాతిని పోగొట్టుకొన్నవారికి వెనుకకు దారి లేదు.

అభ్యాసము

I. పదాలు – అర్థాలు

నాపరాయి = పలకలుగా చీలే సున్నపురాయి
సామ్యం = పోలిక
తలం = పై భాగం
కేశనాళికా చర్య = సన్నని రంధ్రాలగుండా ద్రవం పాకడం
నివారణ = రాకుండా చేయడం
జీర్ణోద్ధరణ = పాడైన కట్టడాన్ని బాగుచేయడం
శిక్షార్హం = శిక్షకు తగినది

II. ఒకటి రెండు వాక్యాలలో జవాబులు రాయండి.

1. కడప, షాబాదు, తాండూరు, బేతంచర్ల బండలకు గల సామ్యం ఏమిటి?
2. నిమ్మరసం పరీక్షను వేసి ఉన్న బండ మీద ఎందుకు చేయరాదు?
3. అద్దడానికి, తుడవడానికి తేడా ఏమిటి?
4. యాసిడ్‌ను, బ్లీచింగ్ పౌడరును ఎందుకు కలుపరాదు?

III. పది వాక్యాలలో జవాబులు రాయండి.

1. మరకకు, గాయానికి గల భేదాన్ని ఉదాహరణతో వివరించండి.
2. పట్టీ పద్ధతిలో మరక ఎలా బయటికి వస్తుందో క్రమంగా తెలపండి.
3. "గోడ మీది మరకకు మూలం నదిలో ఉంది" – ఈ వాక్యాన్ని సందర్భంతో వివరించండి. మీ ఊరిలో ఇటువంటి ఉదాహరణ ఉంటే చెప్పండి.
4. గుడి గోడ తెల్లగా కావడం ముఖ్యమా, దాని మీది అక్షరాలు నిలవడం ముఖ్యమా? మీ అభిప్రాయాన్ని కారణాలతో రాయండి.

IV. ఖాళీలను పూరించండి.

1. నత్తగుల్లలోను, నాపరాతిలోను ఉండే పదార్థం ____________.
2. కాల్సైటు గట్టిదనం ________, స్ఫటికం గట్టిదనం ________.
3. కోణార్క రాతిలోని ఉప్పును లాగడానికి ____________ వాడారు.

V. భాషాంశం

ఈ పాఠంలో 'రాయి' అనే మాట 'రాతి మీద', 'రాతి రంధ్రాలు' అన్నప్పుడు 'రాతి'గా మారింది. ఇలా విభక్తి ప్రత్యయాలు గాని, మరో పదం గాని చేరేటప్పుడు కొన్ని పదాల చివర వచ్చే ఇ, టి, తి అనే మార్పులను ఔపవిభక్తికాలు అంటారు.

ఉదా: రాయి – రాతి గోడ, నీరు – నీటి చుక్క, ఇల్లు – ఇంటి నేల.

కింది పదాలను ఇలాగే మార్చి సొంత వాక్యాలలో ప్రయోగించండి: చేయి, నూయి, గోయి, కన్ను, ఏరు.

గమనించండి: రాయిని కన్నడంలో కల్లు, తమిళంలో కల్, మరాఠీలో దగడ్, ఒడియాలో పథర అంటారు. కన్నడ, తమిళాల మాట మన 'సన్నికల్లు'లో కూడా దాగి ఉంది. మీ ఊరిలో రాతికి, రాతి పనిముట్లకు వాడే పేర్లను ఇంట్లో మాట్లాడే తెలుగులోను, మీ రాష్ట్ర భాషలోను సేకరించి పట్టికగా రాయండి.

VI. చేసి చూడండి

1. ఒక నత్తగుల్లను గాని, గవ్వను గాని నిమ్మరసంలో వేసి, మరునాటి వరకు గమనించి, చూసినది ఐదు వాక్యాలలో రాయండి.
2. మీ ఇంటిలోని రాతి నేల, వంటగట్టు, రోలు ఏ రాతితో చేసినవో, ఎక్కడి నుండి వచ్చాయో పెద్దలను అడిగి తెలుసుకోండి.
3. "రాతినేలను ఇలా కాపాడుదాం" అనే శీర్షికతో, ఇంట్లో గోడకు అతికించుకొనేందుకు పెద్ద అక్షరాలతో ఆరు సూచనలు రాయండి. అందులో యాసిడ్ గురించిన హెచ్చరిక తప్పక ఉండాలి.